పద్నాలుగో సంపుటం తరువాత

మా షెట్లాండ్ దీవిలో చెట్లుండవు,
గాలి వాటిని లేవనివ్వదు.
ఫెన్‌కోట్ ఇంటి అక్కచెల్లెళ్ళేమో ప్రతి పుస్తకంలోనూ
ఆపిల్ చెట్టెక్కే రహస్యాలు చెప్పుకునేవాళ్ళు.
మా అక్క మెరన్, నేనూ
బోర్లించిన పడవ మీదెక్కి కాళ్ళూపుకుంటూ
ఇదే కొమ్మ అనుకునేవాళ్ళం.
పెళ్ళికి ముందు పదేళ్ళు హెర్రింగ్ చేపలు కోసిన వేళ్ళతో,
ఉప్పు తిన్న ఆ ఎర్రటి వేళ్ళతో,
అమ్మ మా గౌన్ల మీది తారు గీకుతూ
పడవనీ మమ్మల్నీ కలిపి తిట్టేది.

రెండు వారాలకోసారి లైబ్రరీ వ్యాను.
వరసగా ఎప్పుడూ దొరకలేదు,
మూడు తరువాత తొమ్మిది, తొమ్మిది తరువాత ఒకటి.
పెళ్ళయిపోయిన హొనోరా మళ్ళీ రెండు జడలతో బడికి పోయేది,
చచ్చిపోయిన కుక్క తోకూపుకుంటూ ఎదురొచ్చేది.
మాకది వింతగా తోచలేదు.
లోకమే అలా ఉంటుందనుకున్నాం.

మెరన్ పెద్దది, కనుక హొనోరా తనే.
గుర్రం తనది, గాలివానలో డాక్టరుని పిలుచుకొచ్చే సాహసం తనది.
నా వంతుకి మ్యూరియల్:
ఏడాదికి మూడు జలుబులు,
చక్కని దస్తూరీకి ఒక బహుమతి.
పనమ్మాయి గెర్టీ ఎవరి వంతుకీ రాలేదు.
ఆమెని వంతుల్లో వెయ్యాలని తోచనైనా లేదు.

వ్యాను ఆపేశారు పోయిన శీతాకాలం.
పాత పుస్తకాలు పెట్టెల్లో అమ్ముతుంటే
పద్నాలుగూ ఒకేచోట!
చేపల లారీలా వాసనేసే బస్సులో
ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను, అరవై ఎనిమిదేళ్ళదాన్ని.
మెరన్ ఉండేది అబర్దీన్‌లో. చూపు మసక.
రాత్రి తొమ్మిదికి ఫోన్లో చదివి వినిపిస్తాను,
ఈసారి వరసగా.

"ఎంత తింటారే వీళ్ళు!" అంటుంది.
నిజమే, రొట్టె, వెన్న, జామ్, మళ్ళీ రొట్టె,
ఎవరికి ఏ కష్టమొచ్చినా టీ.
తొమ్మిదో సంపుటంలో హొనోరాకి ఆ డాక్టరుతోనే పెళ్ళి.
ఆపైన ఐదు పుస్తకాల్లో ఆమె నోట ఒక్క మాట లేదు.
టెలిగ్రాములు మాత్రం వస్తాయి,
బాబు. పాప. మళ్ళీ బాబు.
"నా గుర్రం ఏమైంది?" అని
మర్నాడు పొద్దున్నే ఫోను, నేనింకా పళ్ళు తోముకోలేదు.
వెతికాను.
పదో సంపుటంలో, రెండు కామాల మధ్య, అమ్మేశారు.

తలుపెవరు తీస్తున్నారో ఇప్పుడు కనబడుతోంది.
మూడంతస్తులు వేణ్ణీళ్ళు మోసిందెవరో,
తెల్లారేసరికి ఆ మంటలు వాటంతటవే ఎలా రాజుకున్నాయో.
"దాని చేతులెలా ఉన్నాయో రాశారా?"
"ఎర్రగా, అని ఉంది."
"అంతేనా?"
"అంతే."
కాసేపు ఫోన్లో సముద్రం హోరొక్కటే,
నా వైపుదో తన వైపుదో.

అట్ట లోపల పెన్సిలుతో గీతలు పెట్టాను.
పద్నాలుగు పుస్తకాల్లో గెర్టీ మాట్లాడింది ఏడుసార్లు.
ఆరుసార్లు, అలాగేనమ్మా.
ఒకసారి, పాలు విరిగాయి.
చివరి సంపుటంలో, చివరికి ముందు పుటలో, ఇంత మాత్రం:
గెర్టీ శనివారం బస్సెక్కి వెళ్ళిపోయింది. ఆ రోజు టీ ఆలస్యమైంది.

"మళ్ళీ చదువు," అంది మెరన్.
మళ్ళీ చదివాను.
"ఎక్కడికట?"
"రాయలేదు."
"టోపీ పెట్టుకుందా?"
"రాయలేదే తల్లీ."
"అయితే పెట్టుకుంది. ఆకుపచ్చది.
జీతం డబ్బుతో కొన్నది. వాళ్ళెవరూ చూడనిది."
"కిటికీ పక్క సీటు," అన్నాను నేను.
"ఒళ్ళో బుట్టలో అర రొట్టె, వాళ్ళ జామ్ సీసా ఒకటి."
"దొంగిలించిందా?"
"పదిహేనేళ్ళు చేసిందే, అది దొంగతనమా!"

జూన్ నెల.
పదకొండవుతున్నా చీకటి పడే ఉద్దేశం కనబడదు.
"ఈసారి గెర్టీని నేను," అన్నాను.
"పెద్దదాన్ని నేను," అంది మెరన్.
ఇంకా మలుపైనా తిరగలేదు బస్సు.